పులికాట్లో వేట బోటుకి కొత్త మోటార్ తీసుకోవాల, 10 హెచ్‌పినా 15 హెచ్‌పినా? టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా?

తడ_కుర్రోడు:

అన్నలకి నమస్తే. మాది తడ దగ్గర ఊరు, నేను తిరుపతిలో జాబ్ చేస్తా ఉండా, బోటు మా మామది, పులికాట్లో వేటకి పోతాడు. ఫైబర్ బోటు, 19 అడుగులు, అడుగు చదునుగా ఉంటాది, వెనక మోటార్ తగిలించేదానికి చెక్క పెట్టించే చేపించినాడు గానీ ఇన్నాళ్ళూ గడేసి తోసుకోనే పోతా ఉండాడు, గాలి కుదిరితే చాప కడతాడు. ఇప్పుడు భుజం నొప్పితో గడ తొయ్యలేకపోతా ఉండాడు, సాయానికి రోజూ మనిషి దొరకడు, దొరికినా కూలి ఇచ్చినాక మిగిలేది ఏముంది. అందుకని వానలు పడి చెరువులోకి కొత్తనీళ్ళు వచ్చేలోపల మోటార్ కొనిద్దామని నేనే అన్నా.

బోట్లో ఎక్కేది ఇద్దరు, ఎప్పుడన్నా ముగ్గురు. మనుషులు, వలలు, ఐస్ పెట్టె అంతా కలిపి 400 కిలోలు అనుకోండి, బోటు బరువు ఇంకో 300 దాకా ఉంటాది. ఎక్కువగా తిరిగేది భీములవారిపాళెం నుంచి ఇరకం దీవి పక్క. సముద్రంలోకి పోయేది లేదు.

నా డౌట్లు ఏందంటే, చెన్నైలో షాపాయన 15 హెచ్‌పి తీసుకో ఎక్కడా ఇబ్బంది ఉండదు అంటాడు, మా ఊళ్ళో ఒకాయన టూ స్ట్రోకే మేలు రిపేరు మనమే చేసుకోవచ్చు అంటాడు, ఇంకొకాయన అవేమీ వద్దు, పొడుగు కమ్మీ చివర ఫ్యాను ఉండే డీజిల్ లాంగ్ టెయిల్ పెట్టించు అంటాడు. యూట్యూబ్ చూస్తే అందరూ అమెరికా చెరువుల్లో అల్యూమినియం బోట్లు తోలతా ఉంటారు, అది మనకి పనికొచ్చేలా లేదు. బడ్జెట్ లక్షా డెబ్భై వేలు, మరీ అయితే రెండు. ఏది తీసుకోమంటారు?


కాళంగి_మెకానిక్:

తమ్ముడూ, హెచ్‌పి గురించి తర్వాత మాట్లాడదాం. ముందు నీళ్ళ లోతు సంగతి చూడు. పులికాట్ సగటు లోతే ఒక మీటర్, అది కూడా నీళ్ళు బాగా ఉన్నప్పుడు, ఎండాకాలం సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకి ఉత్తరం పక్క చానా భాగం ఎండిపోయి ఉప్పు తేలి ఉంటాది. నీ బోటు ఎక్కినాక అడుగు ఒక 8 అంగుళాలు నీళ్ళలో దిగుతాది అనుకో, దాని కింద మోటార్ ఫ్యాను, ఫ్యాను కింద రెక్కలాంటి కాలు, ఇవన్నీ ఇంకో అడుగు దాకా కిందికి ఉంటాయి. అంటే 20 అంగుళాల నీళ్ళు లేకుండా మోటార్ నిటారుగా దించి తోలలేవు, దిగబడతాది. 10 కొన్నా 15 కొన్నా ఈ లెక్క మారదు.

ఇంక హెచ్‌పి. నీ బోటు, సరుకు, మోటార్, పెట్రోల్ ట్యాంకు అన్నీ కలిపి 750 కిలోలు. బోటు ముక్కు పైకి లేచి నీళ్ళ మీద జారతా పోవాలంటే హెచ్‌పికి 20, 25 కిలోలకి మించి బరువు ఉండకూడదని మా లెక్క. ఆ లెక్కన నీకు 30 హెచ్‌పి కావాల. 15 పెట్టినా లేవదు. లేవనప్పుడు ఏం జరుగుతాదంటే, నీళ్ళని తోసుకుంటా పోయే బోటుకి దాని పొడుగును బట్టి ఒక స్పీడ్ హద్దు ఉంటాది, 19 అడుగుల బోటుకి అది గంటకి 10 కిలోమీటర్ల దగ్గర. ఆ స్పీడ్ ఇచ్చేదానికి 8 హెచ్‌పి కూడా చాలు. దాని మీద ఇంకా యాక్సిలరేటర్ తిప్పితే వెనక భాగం కుంగి ముందు లేస్తాది, పెట్రోల్ కాలతాది, ఊరు మాత్రం అంతే సేపటికి వస్తాది. షాపాయన 15 ఎందుకు చెప్పినాడో నాకు తెలుసులే, ఆయన యాపారం ఆయనది.

కాబట్టి 9.9 చాలు, మీరు 10 హెచ్‌పి అనేది అదే. ఎదురుగాలి రోజుల్లో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం కొట్టేటప్పుడు రవ్వంత దమ్ము మిగిలి ఉండాలని 9.9 అంటా ఉండా, లేకపోతే 8 అనే వాణ్ణి.

ఇంకోటి షాఫ్ట్ పొడుగు, అంటే మోటార్ బిగించే చోటు నుంచి కిందికి దిగే కడ్డీ పొడుగు. షార్ట్ షాఫ్ట్ 15 అంగుళాలు, లాంగ్ షాఫ్ట్ 20. వెనక చెక్క పై అంచు మధ్యలో టేపు పెట్టి బోటు అడుగు దాకా నిటారుగా కొలువు. మోటార్ మీద ఫ్యానుకి పైన ఒక పలక ఉంటాది చూడు, అది బోటు అడుగుతో సమానంగా గానీ ఒక అంగుళం కిందికి గానీ రావాల. పైకి ఉంటే ఫ్యాను గాలి పీల్చి ఊరికే గుయ్యిమంటాది, మరీ కిందికి ఉంటే లోతు వేస్టు, మట్టికి దగ్గరవుతాది. కొలిచి ఇక్కడ పెట్టు, అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వబాక.


ఇరకం_పక్కోడు:

మెకానిక్ అన్న చెప్పింది కరెక్టే గానీ ఆ లోతు లెక్క చెప్పినాక కూడా వెనక నిటారుగా దించే ఈ అవుట్‌బోర్డ్ కొనమంటాడేంది. లాంగ్ టెయిల్ పెట్టుకోరా అబ్బయ్యా. ఇంజన్ బోటు మీద పైన ఉంటాది, పొడుగు కమ్మీ చివర ఫ్యాను, వెనక్కి వాల్చి ఉంటాది, లోతు తగ్గితే హ్యాండిల్ మీద చెయ్యేసి అదిమితే ఫ్యాను పైకి లేస్తాది, ఒక అడుగు నీళ్ళలో కూడా బురద కొట్టుకుంటా పోతాది. గాలితో చల్లబడే ఇంజన్ కాబట్టి నీళ్ళు లాగే పంపు లేదు, పంపు లేదు కాబట్టి ఇసక పోయి పాడయ్యే గొడవ లేదు. పులికాట్ అడుగు చానా మటుకు మెత్తటి బురద, అవుట్‌బోర్డ్ అయితే ఆ బురదనీళ్ళే లాక్కుని చల్లబడాల, పంపు లోపల ఉండే రబ్బర్ ఫ్యాను ఎన్నాళ్ళు ఉంటాదో మీరే చెప్పండి.

డీజిల్ తక్కువ తాగతాది. స్పేర్లు ట్రాక్టర్ మెకానిక్ దగ్గర కూడా దొరకతాయి, తడలో కాకపోతే గుమ్మిడిపూండిలో. సౌండ్ ఎక్కువే, చెవులు గింగురుమంటాయి, అది ఒప్పుకుంటా. చేతికి వైబ్రేషన్ కూడా.


కాళంగి_మెకానిక్:

ఇరకం అన్నా, బురద మాట ఒప్పుకుంటా. కానీ వాళ్ళ మామకి భుజం నొప్పి అని మొదట్లోనే రాసినాడు గదా. లాంగ్ టెయిల్ మలుపు తిప్పాలంటే ఆ కమ్మీ అంతా పక్కకి ఊడ్చినట్టు తిప్పాల, దాని బరువు, వైబ్రేషన్ రెండూ భుజం మీదే పడతాయి. గడ తొయ్యలేని మనిషికి అది ఇస్తే నెల తిరక్కుండానే మూల పడేస్తాడు. వయసులో ఉండేవాడు అయితే నేనూ లాంగ్ టెయిలే చెప్పి ఉంటా.


చిత్తూరు_టూస్ట్రోక్:

నాది చిత్తూరు, బండ్ల గ్యారేజి, చెరువు అంటే మాకు నీళ్ళు లేని చెరువులే తెలుసు అనుకోండి, కానీ మా బావమరిది తూపిలిపాళెం పక్క సముద్రం మీద వేట చేస్తాడు, వాళ్ళ మోటార్లు రెండు మూడు మన దగ్గరికి వస్తా ఉంటాయి కాబట్టి స్ట్రోకుల గురించి రెండు మాటలు చెప్తా.

టూ స్ట్రోక్ మంచిదేంటంటే బరువు తక్కువ, 15 హెచ్‌పి యమహా 36 కిలోల చుట్టుపక్కల ఉంటాది, అదే 15లో ఫోర్ స్ట్రోక్ అయితే కంపెనీని బట్టి 43 నుంచి 52 దాకా పోతాది. వాల్వులు లేవు, ఆయిల్ సంప్ లేదు, కార్బొరేటర్ ఊడదీసి కడుక్కోవడం వచ్చినోడు ఎవడైనా నడుపుకోవచ్చు. పొరపాటున నీళ్ళలో పడినా అదే రోజు ఊడదీసి ఆరబెట్టి ఆయిల్ పోసి తిప్పితే లేచి కూర్చుంటాది. చెడ్డది ఏంటంటే తాగుడు. అదే పనికి ఫోర్ స్ట్రోక్ కంటే మూడో వంతు పైనే ఎక్కువ తాగతాది, పైగా లీటర్‌కి 20 మిల్లీ ఆయిల్ కలపాల, అంటే 50కి 1, కొత్తగా మొదటి 10 గంటలు అయితే దానికి డబుల్. ఆ ఆయిల్ కూడా బండ్లకి పోసే టూటీ కాదు, నీళ్ళతో చల్లబడే మోటార్లకి వేరే ఆయిల్ ఉంటాది, డబ్బా మీద టీసీ డబ్ల్యూ త్రీ అని ఉండాల. బండి ఆయిల్ పోసి రింగులు పట్టేసిన మోటార్లు చూసినా.

ఇప్పుడు అసలు మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటాది, చెరువు గట్టున ట్యాంకు మూత వదులుగా పెట్టి రెండు నెలలు వదిలేస్తే నీళ్ళూ ఇథనాల్ కలిసి కిందికి దిగి వేరే పొరగా నిలబడతాయి, పైపు లాగేది అడుగు నుంచే గదా. టూ స్ట్రోక్‌లో కలిపిన ఆయిల్ పైన పెట్రోల్‌తోనే ఉండిపోతాది, కింద పొర మోటార్లోకి పోతే ఆయిల్ లేకుండా తిరిగి పిస్టన్ పట్టేస్తాది. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ వేరేగా సంప్‌లో ఉంటాది కాబట్టి స్టార్ట్ కాక మొరాయిస్తాది గానీ ప్రాణం పోదు. అందుకని రోజూ వేటకి పోయే మనిషి ఎవరైనా సరే, ఆరోజుది ఆరోజు కొట్టించుకునే వాళ్ళకి టూ స్ట్రోక్ ఓకే, నెల్లో పదిరోజులు పోయి మిగతా రోజులు మూసిపెట్టే వాళ్ళు ఫోర్ స్ట్రోక్‌కి పోవడం మేలు. ఏది కొన్నా నీళ్ళు వేరుచేసే ఫిల్టర్ ఒకటి ట్యాంకుకీ మోటార్‌కీ మధ్యలో పెట్టించు, ఖర్చు పెద్దగా ఉండదు.


తడ_కుర్రోడు:

అన్నలందరికీ థ్యాంక్స్, ఇంత డీటెయిల్‌గా షాపులో ఒక్కరూ చెప్పలేదు. మామ నెలంతా పోడు, పెళ్ళిళ్ళ సీజన్లో వంట పనికి కూడా పోతాడు, కాబట్టి మోటార్ ఊరికే ఉండే రోజులు ఎక్కువే. అంటే ఫోర్ స్ట్రోక్ 9.9 అనుకుంటా ఉండా. ఈ ఆదివారం ఊరికి పోతే కొలిచి పెడతా. బురదనీళ్ళ గురించి ఇరకం అన్న చెప్పింది మాత్రం భయంగా ఉండాది, దానికి ఏం చెయ్యాల?

ఇంకో డౌట్. సబ్సిడీ వస్తాదా?


నేలపట్టు_బర్డ్స్:

మోటార్ల గురించి నాకు తెలీదు, ఒక్క మాట చెప్పి పోతా. పులికాట్ ఆంధ్రా భాగం 1976 నుంచి పక్షుల అభయారణ్యం. చేపల వేట తరతరాలుగా ఉన్నదే, దాన్ని ఎవరూ కాదనరు, కానీ మోటార్ పెట్టే ముందు సూళ్ళూరుపేటలో వైల్డ్‌లైఫ్ ఆఫీసులో ఒక మాట అడగండి, ఏ పక్క తోలొచ్చు ఏ పక్క తోలకూడదు అనేది. శీతాకాలంలో ఫ్లెమింగోలు మేసేది కూడా ఆ మోకాలి లోతు నీళ్ళలోనే, మీ మోటార్ దిగబడే చోట్లూ అవే. ఆడ మోటార్ ఎత్తేసి గడతో పోతే మీకూ మంచిది వాటికీ మంచిది.


ఇరకం_పక్కోడు:

ఆఫీసు సంగతి సరే, దానికంటే ముందు ఊరి పెద్దల్ని అడుగు తమ్ముడూ. ఏ ఊరు ఏ పక్క వల వెయ్యాలి అనేది మన పాళేల్లో కట్టుబాటు ఉంటాది, గడ బోట్లు తిరిగే చోట మోటార్ వేసుకోని పోయి వలలు తెగ్గొడితే బోటు గట్టుకి లాగేస్తారు. ఫ్యానుకి వల చుట్టుకుంటే నష్టం వాళ్ళకే కాదు నీక్కూడా, నైలాన్ దారం షాఫ్ట్ లోపలికి దూరి ఆయిల్ సీలు కోసేస్తాది, గేర్ బాక్సులోకి నీళ్ళు పోతాయి, గేర్ ఆయిల్ మజ్జిగ లాగా తెల్లగా వచ్చిందంటే అదే.

సబ్సిడీకి మత్స్యశాఖ వాళ్ళని అడగాల. కేంద్రం మత్స్య సంపద యోజనలో జనరల్ వాళ్ళకి 40 శాతం, ఎస్సీ ఎస్టీలకీ ఆడవాళ్ళకీ 60 శాతం అని పెట్టినారు, ఇప్పుడు ఎట్లుందో అడుగు, బోటు రిజిస్ట్రేషన్ ఉండాల, ముందే అప్లై చేసుకోవాల. కొనేసినాక బిల్లు పట్టుకోని పోతే టీ ఇచ్చి పంపిస్తారు. మీ అత్తమ్మ పేరు మీద అవుతాదేమో కూడా కనుక్కో.


కాళంగి_మెకానిక్:

బురదకి చెప్తా. ఈ సైజు ఫోర్ స్ట్రోక్ మోటార్లు అన్నిట్లో వెనక నుంచి సన్నగా నీళ్ళు చిమ్మతా ఉంటాయి, స్టార్ట్ చేసిన వెంటనే అది చూడడం మామకి అలవాటు చెయ్యి. సన్నబడినా ఆగిపోయినా మోటార్ ఆపేసి, ఆ రంధ్రంలో సన్న తీగ పెట్టి చూడాల, ఎక్కువసార్లు బురదే అడ్డం ఉంటాది. అయినా రాకపోతే రబ్బర్ ఫ్యాను అరిగిందని అర్థం. దాన్ని అరిగిందాకా చూడకుండా ఏడాదికి ఒకసారి మార్చేయ్, ఇంజన్ కాలిపోతే అయ్యే ఖర్చులో అది ఏ మూలకీ రాదు. మట్టి రంగు నీళ్ళు వెనక లేస్తా ఉంటే లోతు చాలడం లేదని, ఆడ స్పీడ్ పెంచకూడదు.

లోతు తక్కువ చోట్లకి ఈ సైజు మోటార్లలో ఒక మీట ఉంటాది, మోటార్‌ని సగం ఎత్తి నిలబెట్టేది. అది వేసుకోని మెల్లగా పోవచ్చు, అయితే నీళ్ళు లాగే జాలీ మునిగే ఉండాల, స్పీడ్ పెంచితే ఆ మీట విరుగుతాది. కొనేముందు ఆ మీట ఉందా లేదా అడుగు.

ఉప్పునీళ్ళ చెరువు కాబట్టి గట్టుకి వచ్చినాక డ్రమ్ములో మంచినీళ్ళు పోసి పది నిమిషాలు తిప్పాల. దీన్ని ఎవరూ చెయ్యరు, సాయంత్రానికి ఒళ్ళు నొప్పులతో వచ్చిన మనిషికి మంచినీళ్ళ డ్రమ్ము నింపే ఓపిక యాడుంటాది, నాకు తెలుసు. కనీసం వారానికి ఒకసారన్నా. కింద జింకు ముక్క ఉంటాది, ఉప్పు అల్యూమినియాన్ని తినేది పోయి దాన్ని తినేదానికి, అది సగం కరిగితే మార్చాల, దాని మీద పెయింట్ వెయ్యకూడదు. కొత్తగా కనపడాలని మొత్తానికి కలిపి పెయింట్ కొట్టిచ్చేవాళ్ళు ఉండారు, కొడితే అది పని చెయ్యదు. ఇంజన్ ఆయిల్ మొదటిసారి 20 గంటలకి, తర్వాత ప్రతి 100 గంటలకి.

కంపెనీ అడగలేదు నువ్వు, అయినా చెప్తా. యమహా, సుజుకి, హోండా, తొహత్సు, ఏదీ చెడ్డది కాదు 9.9లో. బరువులు 37 నుంచి 47 కిలోల మధ్యలో ఉంటాయి, మామ ఒక్కడే రోజూ విప్పి ఇంటికి మోసుకుపోవాలంటే ఆ తేడా భుజానికి తెలుస్తాది. నేనైతే కంపెనీని బట్టి కాదు, చెన్నైలో కాశిమేడు హార్బర్ పక్క ఏ కంపెనీ స్పేర్లు అడిగిన రోజే చేతిలో పెడతారో చూసి కొంటా. తిరుపతిలో ఒక్క వాషర్ కూడా దొరకదు. వారంటీ వేటకి వాడితే ఎన్నాళ్ళు, ఊరికే షికారుకి వాడితే ఎన్నాళ్ళు అని విడిగా అడుగు, రెండూ ఒకటిగా ఉండవు.


చిత్తూరు_టూస్ట్రోక్:

ఎర్ర తాడు సంగతి ఎవరూ రాయలేదే. మోటార్ ఆపే తాడు ఒకటి వస్తాది, చేతికి కట్టుకుంటే మనిషి నీళ్ళలో పడిన వెంటనే మోటార్ ఆగిపోతాది. మనవాళ్ళు మొదటిరోజే దాన్ని మోటార్‌కే కట్టేస్తారు. మామ ఒక్కడే పోయే రోజులు ఉంటాయి కాబట్టి దాని గురించి గట్టిగా చెప్పు.


తడ_కుర్రోడు:

కొలిచినా అన్నా. వెనక చెక్క సరిగ్గా 17 అంగుళాలు. అటు 15 కాదు ఇటు 20 కాదు. మామ అయితే లాంగ్ షాఫ్టే తెచ్చేయ్ అంటా ఉండాడు, ఎక్కువ ఉంటే నష్టమేంది అని. పెద్దల్ని అడిగినాం, రేవు నుంచి కాలువ వెంబడి తోలుకోవచ్చు, వలలు ఉండే చోట మోటార్ ఎత్తాలి అన్నారు. సబ్సిడీకి అప్లై చేస్తే టైం పడతాది అన్నారు, రిజిస్ట్రేషన్ కాగితాలు తయారు చేస్తా ఉండాం.


కాళంగి_మెకానిక్:

లాంగ్ షాఫ్ట్ వద్దు. 17కి 20 పెడితే పలక మూడు అంగుళాలు కిందికి పోతాది, పులికాట్లో మూడు అంగుళాలు అంటే తక్కువ కాదు. షార్ట్ షాఫ్ట్ తీసుకోని, చెక్క మధ్యలో మోటార్ బిగించే వెడల్పు మేర రెండు అంగుళాలు, మూలలు గుండ్రంగా ఉండేలా కోపించు. మొత్తం అంచు కొయ్యబాక, మధ్యలోనే. కోసిన చోట లోపలి ప్లైవుడ్ బయటపడతాది, దాన్ని రెండు రోజులు ఎండలో బాగా ఆరనిచ్చి, ఫైబర్ మ్యాట్ రెండు పొరలు రెజిన్‌తో వేసి మూసెయ్యాల, బోల్టు రంధ్రాల్లో కూడా రెజిన్ పోయాల. తడి మీదే వేస్తే లోపల చెక్క కుళ్ళి ఏదో ఒకరోజు మోటార్ చెక్కతో సహా ఊడొస్తాది. క్లాంపులు చేత్తో బిగిస్తే చాలదు, బోల్టులు వెయ్యి, దాంతోపాటు బోటు కొక్కేనికి ఒక తాడు కట్టు.

ఫ్యాను మాత్రం షాపులో పెట్టిందే తెచ్చుకోబాక, అది తేలిక బోట్లకి ఇచ్చేది. పిచ్, అంటే ఫ్యాను ఒక చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకి పోవాలనేది, అది తక్కువది అడుగు, 8 గానీ 7 గానీ. ముగ్గురు ఎక్కి ఫుల్లుగా తిప్పినప్పుడు మోటార్ పుస్తకంలో రాసిన ఆర్‌పీఎం అందుకోవాల, చాలా మటుకు 5000 నుంచి 6000 అని ఉంటాది. 4200 దగ్గరే మూలుగుతా ఉంటే పిచ్ ఇంకా ఎక్కువని. ప్లగ్ వైరుకి చుట్టే చిన్న ట్యాకోమీటర్, ఆర్‌పీఎం చూపించేది, నా దగ్గర ఉండాది, బోటు దించే రోజు ఫోన్ చెయ్యమని మెసేజ్‌లో నంబర్ పెడతా, సూళ్ళూరుపేట నుంచి రావడం పెద్ద దూరం కాదు.


తడ_కుర్రోడు:

సరే అన్నా, ఫైబర్ పని చేసేవాణ్ణి ముందు మాట్లాడుకుంటా. మామ రెండు అంగుళాలు కొయ్యడం అంటే మొహం మాడ్చినాడు, మీ మెసేజ్ చదివి వినిపిస్తే ఆయన్ని ఇంటికి పిలువు చేపల పులుసు పెడదాం అన్నాడు.


ఇరకం_పక్కోడు:

పులుసు ఉంటే నేనూ వస్తా, లాంగ్ టెయిల్ మీద. సౌండ్ వినపడినప్పుడు పొయ్యి మీద పెట్టమను, వచ్చేలోపల ఉడుకుతాది.